పడవల గట్టున పనికి పెట్టిన మనుషులు

నీటినీ నేలనూ వేరు చేసినవాడు, నీటి మీద తేలే గుణం కర్రకిచ్చినవాడు, ఆ కర్రను చెక్కే నేర్పు మనిషి చేతికిచ్చినవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం. పొలంగట్టు మీద పుట్టి పొలంగట్టు మీదే పోవలసిన నన్ను ఆయన అక్షరాల దగ్గరకు నడిపించాడు, అక్కడినుంచి పడవల దగ్గరకు నడిపించాడు. నా పనిలో మెచ్చుకోదగ్గది ఏమన్నా ఉంటే అది ఆయనది. తప్పులు మాత్రం నావి. ఈ కాగితాల్లో ఎక్కువగా అవే ఉంటాయి.

రాజోలుకు దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున, సత్తిరాజుగారి పడవల గట్టులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. పడవలు కట్టే చోటును మేము గట్టు అనే అంటాం. పనికి వచ్చినవాడిని చూసి, మాట్లాడి, పేరు రాసుకుని, ఎవరి దగ్గర ఏ పనిలో పెట్టాలో తేల్చడం నా ఉద్యోగం. ఇప్పుడు చూపు మందగించి ఇంటి పట్టున ఉన్నాను. మన సంఘంలో చదువుకున్న యువకులు కొందరు ఇదే పనికి గట్టుల్లో చేరుతున్నారు. వాళ్లు వచ్చి, "పౌలయ్యగారూ, మనుషుల్ని ఎలా ఎంచాలో చెప్పండి" అని అడుగుతున్నారు. చెప్పడానికి సూత్రాలేవీ నా దగ్గర లేవు. జరిగినవి చెబుతాను.

గట్టు పెరిగిన తీరు

నేను చేరిన నాటికి గట్టులో ఉన్నది ఎనిమిది మంది. పెద్ద వడ్రంగి పేరాచారిగారు, ఆయన తమ్ముళ్లిద్దరు, దుంగలు కోసే రంపం మనుషులు ఇద్దరు, మేకులు కొట్టే కమ్మరి, సందులు నింపే ముసలాయన, కాపలావాడు. ఒక పడవ పూర్తయితే గాని ఇంకో పడవకు అడుగుదూలం పడేది కాదు. ఎగువనుంచి టేకు దుంగలు తెప్పలుగా కట్టి నదిలో వదిలేవారు. ఏ దుంగ ఎవరిదో గుర్తు రాయడానికి చదువొచ్చిన మనిషి కావలసి వచ్చింది. దొర బోధకుడి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు నన్ను అక్కడికి చేర్చాయి.

తర్వాత గోదావరికి ఆనకట్ట పడింది. కాలువలు తవ్వారు, లాకులు కట్టారు. అంతవరకు బురదలో ఎడ్లు ఈడ్చిన ధాన్యం పడవెక్కడం మొదలుపెట్టింది. భూమి ఉన్న ప్రతి రైతుకూ పడవ కావాలి, సరుకు ఉన్న ప్రతి వర్తకుడికీ రెండు పడవలు కావాలి. రెండు మూడేళ్లలో మా గట్టున ఒకేసారి నాలుగు పడవలు లేచి నిలబడ్డాయి. పొద్దున్న నేను వచ్చేసరికి పనికోసం మనుషులు ఇసుకలో వరసగా కూర్చుని ఉండేవారు. ఉప్పలగుప్తం వైపు నుంచి, లంకల నుంచి, నడిచి వచ్చేవారు.

గట్టున పడవ నిలబడితే అది ఎంతమందికి అన్నం పెడుతుందో బయటివాళ్లకు తెలియదు. పాత తాళ్లు విప్పి నార తీసే ఆడవాళ్లు, మన్యం నుంచి గుగ్గిలం మోసుకొచ్చేవాళ్లు, తెరచాప గుడ్డ నేసేవాళ్లు, గట్టు పక్కన చెట్టు నీడలో అంబలి అమ్మే అమ్మి. వీళ్లలో చాలామంది తమ చేతి పని నీళ్లలోకి వెళ్లడం ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడ నా మొదటి మాట. పని పెరిగినప్పుడు కర్ర దొరుకుతుంది, ఇనుము దొరుకుతుంది, మనుషులు కూడా దొరుకుతారు. నేర్పే చెయ్యి దొరకదు. ఒక మంచి చెయ్యి ఒక వానాకాలంలో ముగ్గురికి నేర్పగలదు. నాలుగోవాడు చూసి నేర్చుకుంటాడు. ఐదోవాడు నేర్చుకున్నట్టు నటిస్తాడు. నేను ఒక్కో చేతి కింద ఎనిమిదేసి మందిని పెట్టాను. ఎందుకంటే ఇసుకలో కూర్చున్నవాళ్ల మొహాలు చూసి వెనక్కి పంపలేకపోయాను. దయ వల్లే చేశాను గాని, అది దయ కాదని తర్వాత తెలిసింది.

సముద్రం మనిషి

తాళ్లరేవు వైపు నుంచి నూకరాజు అనే ఆయన వచ్చాడు. సముద్రం దాటే ఓడలు కట్టిన మనిషి. చేతులు చూస్తేనే తెలిసేది, అబద్ధం కాదని. సత్తిరాజుగారు పొంగిపోయారు. నేను పేరాచారిగారిని ఒక్క మాట అడగకుండా ఒక పడవ మొత్తం ఆయన చేతికిచ్చాను.

పేరాచారిగారు మాత్రం ఆయన్ను ఒకటే అడిగారు. "కాలవ చూసేవా నూకరాజూ?"

"కాలవేం చూడాలండి? అవీ నీళ్లేగదండీ!"

"ఆయ్, నీళ్లే. చూసొస్తే కాళ్లు కడుక్కున్నట్టన్నా ఉంటుంది."

నూకరాజు చూడలేదు. పడవ అందంగా కట్టాడు. ఓడకు ఉన్నట్టు లోతైన కడుపు పెట్టాడు. మొదటి సరుకుతో వెళ్లి లాకు దగ్గర అడుగు నేలకు తగిలి అడ్డంగా నిలబడిపోయింది. వెనక పది పడవలు ఆగిపోయాయి. వాటిని నడిపే సరంగులు ఊరుకుంటారా?

"ఏమండోయ్, ఓడగారు కదలరా?"

"కదులుతారండి, సముద్రం తెస్తే. బిందెలట్టుకు రండి, పోద్దాం!"

నూకరాజు గట్టుకు తిరిగొచ్చి, "తప్పు నాది కాదండి, కాలవది" అన్నాడు. పేరాచారిగారు నవ్వీ నవ్వీ ఉలి కింద పెట్టేశారు. నాకు నవ్వు రాలేదు. తప్పు కాలువదీ కాదు, ఆయనదీ కాదు. ఎంత పెద్దవి కట్టావని అడిగాను గాని, ఏ నీళ్లకు కట్టావని అడగలేదు. ఆయన్ను అంతర్వేది దగ్గర సముద్రపు పడవలు కట్టేవాళ్ల దగ్గరకు పంపించాం. అక్కడ మంచి పేరు తెచ్చుకున్నాడు. మనిషి మంచి పనివాడు కావడం ఒకటి, మన పనికి పనివాడు కావడం ఇంకొకటి.

సందు మీద కూర్చోవడం

నా పెద్ద తప్పు చెప్పాలంటే ముందు గట్టులో ఉన్న ఒక ఆచారం చెప్పాలి.

పడవకు పలక పక్కన పలక బిగిస్తారు. ఎంత బిగించినా మధ్యన సన్నని సందు ఉంటుంది. ఆ సందులో నారను మూడు వరసలుగా ఉలితో కుక్కి, పైన గుగ్గిలం కాచి పోస్తారు. నీళ్లు ఆపేది నార. గుగ్గిలం నారను కాపాడుతుందంతే. పైనుంచి చూస్తే నార ఉన్న సందూ లేని సందూ ఒకేలా నల్లగా మెరుస్తాయి.

అందుకే పేరాచారిగారి తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. పడవను నీళ్లలోకి తోసిన రోజు, ఇసుక బస్తాలు వేసి దిగువన దిండి దాకా వెళ్లి వస్తారు. ఆ ప్రయాణంలో సందు నింపిన ప్రతివాడూ తాను నింపిన సందు దగ్గరే, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చోవాలి. చెమ్మ తగిలితే చెప్పాలి. కొత్తవాడికైతే ఆ ప్రయాణం అయ్యాకే పని ఖాయం.

పని పెరిగి చేతులు చాలనప్పుడు మా పాలెం నుంచి పన్నెండు మందిని ఈ పనికి తెచ్చాను. అందరూ మన సంఘంవాళ్లే. అంతకుముందు రైతుల దగ్గర పాలేర్లు. పాలేరు పని సంగతి మీకు తెలుసు. ఏరువాక పున్నమికి కుదిరితే మళ్లీ ఏరువాక దాకా కదలడానికి లేదు. నారా గుగ్గిలమూ మసి పని కాబట్టి ఎవరూ పోటీ రాలేదు. కాని మొదటి ప్రయాణంలో వీళ్లు కూడా అందరితోపాటు పడవెక్కుతారని తెలిసి కొందరు గొణిగారు. పేరాచారిగారు ఒక్క మాటతో తేల్చేశారు.

"నార కుక్కినోడు కూర్చుంటాడు. ఆడు కూర్చోపోతే ఆ పడవ మీద నా చెయ్యి పడదు. ఇష్టం లేనోళ్లు ఒడ్డున నించోండి."

ఎవరూ ఒడ్డున నిలబడలేదు. మా వాళ్లకు ఆ గట్టున దొరికిన మొదటి చోటు అదే. దాన్ని పోగొట్టినవాణ్ణి నేను.

శనివారం సాయంత్రం

ఆ పన్నెండు మందిలో యాకోబు అనే అతను ఉన్నాడు. పాతికేళ్లవాడు, పెళ్లయి ఒక బిడ్డ. ఊహ తెలిసినప్పటి నుంచి ఒకే రైతు దగ్గర పాలేరు. నెమ్మదైన చెయ్యి. పేరాచారిగారు ఎవరినీ పొగడరు. ఇతన్ని చూసి, "ఫర్లేదు, కంగారు లేదు" అన్నారు.

వీళ్ల మొదటి పడవకు పంచాంగం చూసి ఆదివారం ముహూర్తం పెట్టారు. నేను సత్తిరాజుగారి దగ్గరకు వెళ్లి, మావాళ్లు విశ్రాంతి దినాన రారని చెప్పాను.

"అయితే వాళ్ల సందుల మీద ఎవరు కూర్చుంటారు పౌలూ?" అన్నారాయన.

"నా మాట కూర్చుంటుందండి. వాళ్లకు నేను పూచీ."

"నీ మాట బరువైందే. చూద్దాం" అని ఒప్పుకున్నారు. పేరాచారిగారు ఒప్పుకోలేదు, కాని రాజుగారి మాట కాదనలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. దినం సాయంకాలంతో మొదలవుతుందని నేను లేఖనం చదివి తేల్చుకుని ఉన్నాను. సంఘంలో ఎవరూ అంత పట్టు పట్టేవారు కాదు. నేను పట్టేవాణ్ణి. శనివారం పొద్దు వాలుతుంటే గట్టుకు వెళ్లి మావాళ్లను లేవమన్నాను. పదకొండు మంది లేచారు. యాకోబు లేవలేదు.

"ఇంకో మూర ఉందండి బాబాయిగారూ."

"పొద్దు పోతోంది యాకోబూ."

"నార సిద్ధంగానే ఉందండి. కాసేపేనండి."

"దేవుని సమయంలో కాసేపు కూడా మనది కాదు. పైన గుగ్గిలం పోసి లే. సోమవారం వచ్చి విప్పి నింపుదువుగాని."

అతను నా మొహం చూశాడు, సందు చూశాడు. "ఆయ్" అన్నాడు. గుగ్గిలం పోసి లేచాడు. ఆ సాయంత్రం నేనే ప్రార్థన నడిపించాను. బాగా నడిపించానని అందరూ అన్నారు.

ఆదివారం పడవ దిండి దాకా వెళ్లి వచ్చింది. పైపూత ఆ కాస్త దూరానికి ఆగింది. చెమ్మ ఊరిందో లేదో చూడడానికి అక్కడ చెయ్యి లేదు. సోమవారం తెల్లవారేసరికే రాజుగారు పడవకు సరుకు ఎత్తించేశారు. మేము గట్టుకు చేరేసరికి అది రేవు దాటిపోయింది. యాకోబు నా వంక చూశాడు. ఏం కాదులే అన్నాను. మనిషిని పంపి ఆపించగలిగేవాణ్ణే. ఆపిస్తే ఎందుకని అడుగుతారు. అందుకని ఆపించలేదు.

విప్పి చూసిన రోజు

మంగళవారం నడి గోదావరిలో పడవలోకి నీళ్లు వచ్చేశాయి. సరంగు తెలివైనవాడు కాబట్టి లంక ఇసుకలోకి తోలేశాడు. పడవలో అతని భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. దేవుని దయవల్ల అందరూ నడిచి ఒడ్డెక్కారు. ధాన్యం తడిసిపోయింది.

పడవను లాక్కొచ్చి గట్టున పక్కకు వాల్చారు. పేరాచారిగారు ఉలితో సందు పొడవునా గుగ్గిలం లేపుకుంటూ వచ్చారు. ఒక చోట ఉలి లోపలికి జారిపోయింది. కింద నార లేదు. మూర మేర.

సత్తిరాజుగారు పన్నెండు మందినీ పిలిపించారు. "ఈ సందు ఎవడిది?"

"నాదేనండి" అన్నాడు యాకోబు.

"నార ఏదిరా?"

"పెట్టలేదండి."

"ఎందుకు పెట్టలేదు?"

యాకోబు తల వంచుకున్నాడు. ఇంకో మాట లేదు. రాజుగారు రెండుసార్లు అడిగారు. మిగిలినవాళ్లు శనివారం ముందే వెళ్లిపోయారు గనక వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను పేర్ల కాగితం పట్టుకుని రాజుగారి పక్కన నిలబడి ఉన్నాను.

"పన్నెండుగురూ రేపట్నించి రానక్కర్లేదు. పౌలూ, పాలెం నుంచి ఇంకెవర్నీ తేవద్దు" అన్నారాయన.

నేను ఆ క్షణాన నోరు విప్పలేదు. ఇది చదివేవాళ్లు నన్ను ఇంకొకలా అనుకోకూడదని రాస్తున్నాను. నా మనసులో ఏవేవో సాకులు తిరిగాయి. నేను తప్పు ఒప్పుకుంటే సంఘానికి చెడ్డపేరు, ఆదివారం పనికి రమ్మంటారు, ఇలాంటివి. నా ఉద్యోగం పోతుందన్న భయాన్ని దేవుని పేరుతో కప్పుకున్నాను. పైన నల్లగా మెరిసింది, లోపల ఏమీ లేదు.

ఏరువాక పున్నమి ఇంక నాలుగు రోజులు. యాకోబు పాత రైతు అప్పటికే పాలెంలోకి కబురు పంపాడు, పని పోయిందటగా, వచ్చి కుదురుకొమ్మని.

మధ్యాహ్నం ఏటిగట్టు మీద యాకోబును పట్టుకున్నాను. "నేను చెప్పబట్టే వదిలేశానని ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎలా చెప్తానండి బాబాయిగారూ? పనిలో పెట్టింది మీరండి. మీ పేరు చెప్తే రేపు నన్నెవరు పెట్టుకుంటారండి?"

"శనివారం నాడన్నా, నేను లేవనని అనొచ్చుగా?"

అతనికి ఆ ప్రశ్న అర్థమే కాలేదు. "మీరు లెమ్మన్నారు గదండి" అన్నాడు.

అక్కడ నాకు తెలిసింది. ఇన్నాళ్లూ రైతు ఇంటి నుంచి అతన్ని విడిపించానని అనుకున్నాను. యజమానిని మార్చానంతే. రైతు ఎద్దులు విప్పమంటే విప్పినట్టే, నేను సందు వదలమంటే వదిలాడు.

అలాగే వెనక్కి నడిచి గట్టుకు వెళ్లాను. రాజుగారు, పేరాచారిగారు, రంపం మనుషులు, అందరూ ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సోమవారం పడవను ఆపించకపోవడం కూడా చెప్పాను.

రాజుగారి మొహం ఎర్రబడింది. "మూర సందు వదిలెయ్యమని మీ దేవుడు చెప్పేడా?"

"లేదండి. నేను చెప్పేనండి."

"ఆ సరంగు పిల్లలు పోతే ఎవర్నడిగేవాణ్ణి? నీ మాటనా?"

చివరికి పేరాచారిగారు కలగజేసుకున్నారు. "రాజుగారండి, ఆ కుర్రాడు మిగతా సందంతా నింపిన తీరు చూసేను. ఉలి దిగితే ఒట్టు. ఆణ్ణి వదులుకుంటే మనకే నష్టం. ఈయన సంగతి మీ ఇష్టం."

సత్తిరాజుగారు కోపిష్ఠి, కాని వినే మనిషి. పన్నెండు మందినీ ఉంచారు. నన్ను ఆ వానాకాలం పేర్లు రాసే పని నుంచి తీసేసి, నార తీసే ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్లు నన్ను బాగానే ఏడిపించారు. "పౌలయ్యగారండీ, పొద్దు వాలుతోంది, లేవరా?" అని రోజూ అడిగేవారు. సందు నింపడం నేర్పమని యాకోబును అడిగాను. నేర్పాడు. అప్పుడు గాని నాకు తెలియలేదు, మూర సందుకు ఎంతసేపు పడుతుందో. అన్నం ఉడికేంతసేపు.

మా సంఘపెద్దగారికి ఇదంతా చెప్పాను. ఆయన మందలించలేదు. "ఏడో దినం సంగతి గట్టిగా పట్టుకున్నావు నాయనా, ముందున్న ఆరు దినాల పని పూర్తి చేయమన్న సంగతి వదిలేశావు" అన్నారు. ఆ తర్వాత శుక్రవారానికే సందుల పని ముగిసేలా పేరాచారిగారు ఏర్పాటు చేశారు. ఆదివారం ముహూర్తం వస్తే రాజుగారే, "ఇంకో మంచిరోజు చూడండి పంతులుగారూ, నా మనుషులు రారు" అనేవారు. నా మనుషులు అన్నారు. ఆ మాట నా పూచీ వల్ల రాలేదు, వాళ్ల చేతుల వల్ల వచ్చింది.

చివరగా

ఏరువాక రోజున యాకోబు పాత రైతు గట్టు దాకా వచ్చాడు. చెడ్డవాడు కాడు, పాలేరు కావాలి అంతే. ఇసుకలో నిలబడి పిలిచాడు.

"ఏరా, వస్తున్నావా?"

యాకోబు చేతిలో ఉలి ఉంది. నేను అక్కడే నార విప్పుతున్నాను. నా వంక చూస్తాడనుకున్నాను. చూడలేదు. రాజుగారి వంకా చూడలేదు.

"లేదండి. నాకిక్కడ పనుందండి."

అతను ఒక పెద్దమనిషితో లేదు అనడం నేను వినడం అదే మొదటిసారి. గట్టిగా ఏమీ అనలేదు. ఆ మాట అని, మళ్లీ సందులోకి వంగాడు. రైతు వెళ్లిపోయాడు.

వానలు వెళ్లాక నా పని నాకు తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత చాలామందిని చేర్చుకున్నాను, అన్ని కులాలవాళ్లనూ, అన్ని ఊళ్లవాళ్లనూ. ప్రతివాడి చెయ్యీ చూసేవాణ్ణి. దానితోపాటు ఇంకొకటి కూడా చూసేవాణ్ణి, నేను తప్పు చెబితే తప్పని ఇతను నాతో అనగలడా అని. అనలేనివాణ్ణి వెనక్కి పంపలేదు. అనగలిగేదాకా నేను అతనికి ఏదీ గట్టిగా చెప్పకుండా జాగ్రత్తపడ్డాను.

చదువుతున్న నాయనా, అమ్మా, కాగితం మడిచే ముందు ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, పని ఇచ్చే చోట మమ్మల్ని నిలబెట్టావు. మా కింద పనిచేసేవాళ్ల నోళ్లు మా భయంతో మూసుకుపోనివ్వకు. మేము నీ పేరు చెప్పి తొందరపెట్టినప్పుడు, ఇంకో మూర ఉందండీ అనే ధైర్యం వాళ్లకివ్వు. అది విని ఆగే మనసు మాకివ్వు. ఆమేన్ అని మీరూ అనండి.